వాళ్ళ ఇంటిపేరేమిటి

3 జూన్ 2024, సోమవారం

మాగాయ ముక్కలు ఎండబెట్టాను. మబ్బు పట్టడం, లోపలికి తేవడం, మళ్ళీ ఎండ కాయడం, మళ్ళీ మేడ మీదికి. నాలుగోసారి మెట్లెక్కేసరికి మోకాళ్ళు వద్దన్నాయి.

సాయంత్రం ఆరున్నరకి చిన్ని ఫోను. నగోయాలో అప్పటికి రాత్రి పది. "నాయనమ్మా, ఒకటి చెప్తాను. నాన్నకి ఇప్పుడే చెప్పకు."

ఒక అబ్బాయి. అదే ఆఫీసు. మూడేళ్ళ పరిచయం. నెమ్మదస్తుడట.

మంచివాడా అని అడగలేదు. ఏం చదివాడనీ అడగలేదు. "వాళ్ళ ఇంటిపేరేమిటి?" అన్నాను. మా అమ్మ అలాగే అడిగేది. సంబంధం కబురు తెచ్చినవాళ్ళు ఇంకా గుమ్మంలో ఉండగానే, పిల్లాడి పేరుకంటే ముందు.

"సుజుకి" అంది చిన్ని.

తర్వాత ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.

4 జూన్

ఓట్ల లెక్కింపు. ఊరంతా టీవీల ముందే. వీధిలో కేకలు, టపాకాయలు. నేనూ కూర్చున్నాను. అంకెలు పోతున్నాయి, చెవికెక్కలేదు.

సుజుకి. మోటారుసైకిలు మీద, కార్ల వెనక చదివిన మాట. ఇంటికొచ్చే మనిషిని ఆ మాటతో పిలవడమా?

8 జూన్, శనివారం

పొద్దున్నే తెలిసింది. రామోజీరావుగారు పోయారు. 87 ఏళ్ళు. హైదరాబాదులో పోతే ఇక్కడ ఇంట్లో మనిషి పోయినట్టుంది. అరుగుల మీద అందరూ ఆయన మాటే. సిమెంటు రోడ్డు చూపించి ఒకరు, బడి చూపించి ఒకరు. ఎవరి గొంతూ పెద్దగా లేదు.

1936లో ఈ ఊళ్ళో పుట్టిన రామయ్య. చదువుకునే రోజుల్లో తన పేరు తనే మార్చుకున్నాడు, రామోజీ అని. అంత చిన్న వయసులో అమ్మానాన్నా పెట్టిన పేరు కాదనుకోవడానికి ఎంత పంతం ఉండాలి? ఇంటిపేరు మాత్రం మార్చలేదు. చెరుకూరి.

నేను కాపురానికి వచ్చింది 1972. విశాఖలో రామోజీరావుగారు ఈనాడు పెట్టింది 1974 ఆగస్టు. మావాడు పుట్టిందీ ఆ ఏడే. "వీడూ ఈనాడూ ఒక ఈడు" అనేవారు మా ఆయన, పేపరు మడిచి చంకలో పెట్టుకుని. ఆయన పోయి ఆరేళ్ళు. ఆ మాట అనేవాళ్ళు లేరు ఇప్పుడు.

10 జూన్

నిద్ర పట్టక లేచి కూర్చున్నాను. బళ్ళో ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠం ఇవాళ నాకే కొత్తగా వినిపించింది.

ఊరు, ఊరి. పాడు, పాటి. చెరుకూరు, చెరుకూరి. కాటూరు, కాటూరి. ఔపవిభక్తికాలు. పిల్లలు గొంతెత్తి చదివేవాళ్ళు. ఇంటిపేరంటే షష్ఠీ విభక్తి అన్నమాట. ఫలానా ఊరి వాళ్ళు అని. మరి ఆ ఊళ్ళోనే ఉంటే ఎవరైనా అలా అంటారా? ఊరు వదిలి వచ్చాకే కదా ఆ ఊరు ఇంటిపేరయ్యేది.

పర్చూరు దగ్గర చెరుకూరు ఉంది. అక్కడ నిలబడి ఎవరినీ "చెరుకూరి వారు" అని గుర్తుపట్టక్కర్లేదు.

ఒక ఇంటిపేరు ఎంత దూరాలు వెళ్తుందో. ఇక్కడినుంచి వెళ్ళి పేపరు పెట్టినాయన చెరుకూరి. మన జిల్లావాడే, అడవిలోకి వెళ్ళి ఆజాద్ అయి 2010లో తుపాకి గుండుకి పోయినాయన చెరుకూరి రాజకుమార్. అదే ఏడు రోడ్డు ప్రమాదంలో పోయిన విలువిద్య కుర్రాడు చెరుకూరి లెనిన్. ముగ్గుర్నీ ఒక గదిలో కూర్చోబెడితే ఏం మాట్లాడుకునేవారు? ఇంటిపేరు కలిసింది కాబట్టి "ఏవూరు మీది" అనైనా అడుగుతారు. తెలుగువాళ్ళు కదా.

16 జూన్

చిన్నిని అడిగాను, సుజుకి అంటే అర్థమేమిటని. ఆ అబ్బాయిని అడిగి చెప్పింది. రాసే అక్షరాలకి గంట, చెట్టు అని అర్థమట. కానీ మాట అక్షరాలకంటే పాతది. కుమనో అనే చోట, వరి కోశాక కంకులు ఆరడానికి పేర్చిన కుప్పని సుజుకి అనేవాళ్ళట. పంట దేవుడు దాని మీద దిగుతాడని నమ్మకం.

కుప్ప!

మనకీ కుప్పా వారున్నారు.

ఇంకా చెప్పింది. తనాకా అంటే పొలం నడుమ. హోండా అంటే అసలు పొలం. సగం జపాను ఇంటిపేర్లలో చేలూ వాగులూ కొండలేనట. మామూలు జనానికి ఇంటిపేరు ఉండి తీరాలని 1875లో చట్టం చేశారట. పేరు ఎదుట పెట్టుకోవాల్సి వచ్చేసరికి, తలెత్తి చూస్తే ఎదురుగా చేను. పేరు ఇంకెక్కణ్ణుంచి వస్తుంది?

ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. వాళ్ళకీ అంతే. చిన్ని పాస్‌పోర్టులో మాత్రం మన ఇంటిపేరు వెనక్కి పోయింది. దాన్ని అక్కడ అందరూ ఇంటిపేరుతోనే పిలుస్తారట, చివర సాన్ చేర్చి. మా మామగారి ఇంటిపేరు నగోయాలో రోజుకి ఇరవైసార్లు వినబడుతోంది.

23 జూన్, ఆదివారం

మావాడికి తెలిసిపోయింది. చిన్నే చెప్పిందట.

హైదరాబాదు నుంచి ఫోను. "నీకు ముందే తెలుసా అమ్మా?" అన్నాడు. తెలుసన్నాను. ఆ తర్వాత వాడు మాట్లాడిన మాటలు ఇక్కడ రాయను. యాభై ఏళ్ళవాడు ఏడుపు దాచుకుంటే గొంతు వాళ్ళ నాన్న గొంతులా ఉంటుంది.

"పెళ్ళిపిలుపులకి వెళ్తే ఇంటిపేరు అడుగుతారు. ఏం చెప్పను?"

నేను మాత్రం ఏం చెప్పగలను? నేనూ అదే అడిగానుగా.

కోడలు ఫోను తీసుకుని, "మీరైనా దానికి నచ్చచెప్పండి అత్తయ్యా" అంది. ఊఁ అన్నాను. ఎందుకన్నానో.

27 జూన్

చిన్ని ఆ అబ్బాయి చేత ఒక పట్టీ రాయించి పంపింది, అక్షరాలు తెలుగులోకి మార్చి. సుజుకి ఇంటిపేరుతో పేరుపొందినవాళ్ళు. మా వాళ్ళని కాదు, చుట్టరికం ఏమీ లేదు, ఆ పేరుతో 18 లక్షల మంది ఉంటారు అని కింద రాశాడట. గొప్ప చెప్పుకోలేదు. అది నచ్చింది.

మిచియో సుజుకి. అమ్మ కోసం మగ్గం చేసి, మగ్గాల కంపెనీ పెట్టి, దాన్నుంచి మోటారుబళ్ళకి వెళ్ళాడు. ఈ ఊళ్ళో తిరిగే సుజుకి బళ్ళన్నిటికీ మూలం ఒక తల్లి నేత.

షినిచి సుజుకి. వయొలిన్ నేర్పినాయన. నగోయాలో వాళ్ళ నాన్నది వయొలిన్ల ఫ్యాక్టరీ. పసివాళ్ళకి అమ్మభాష ఎలా వస్తుందో సంగీతమూ అలాగే వస్తుందని నమ్మాడు. వినగా వినగా, చుట్టూ ఉన్నవాళ్ళు అనగా అనగా. ముందు చెవి, తర్వాత అక్షరం. నేను ఆరో తరగతి పిల్లలకి పద్యం ముందు పాడి, పుస్తకం తర్వాత తెరిపించేదాన్ని. ఇనస్పెక్టరు వచ్చినరోజు దానికి మాటపడ్డాను కూడా. ఆయన సంగతి అప్పుడు తెలిస్తే బాగుండేది.

ఉమెతారో సుజుకి. ఈయన దగ్గర ఆగిపోయాను. 1910లో తవుడులోంచి మందు తీశాడు, బెరిబెరికి. తెల్లటి బియ్యం తినేవాళ్ళ కాళ్ళు పట్టు తప్పి, గుండె వాచి పోయే జబ్బు. తవుట్లో ఉన్నదాన్ని వేరుచేశాడు. తర్వాత ప్రపంచం దాన్ని విటమిన్ బి1 అంది. విటమిన్ అనే మాట అప్పటికింకా పుట్టలేదు.

మా ఆయన రైసుమిల్లు గుమాస్తా. ముప్పై నాలుగేళ్ళు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద తవుడు. చొక్కా దులిపితే వాకిట్లో పొగలా లేచేది. ఆ వాసన నాకు ఇంట్లో మనిషి వచ్చిన వాసన. "తవుడు పశువులకి, బియ్యం మనుషులకి, బలం ఎవరికి వెళ్తోందో ఆలోచించు" అనేవారు. ఆయనకి ఎవరు చెప్పారో అది. ఈ పట్టీ చూపిద్దామంటే లేరు.

4 జూలై, గురువారం

పాత డైరీల్లో చూశాను. ప్రతి ఏడూ ఈ తారీఖున బళ్ళో చెప్పేదాన్ని. పింగళి వెంకయ్యగారు పోయిన రోజు. 1963. బెజవాడలో, పేదరికంలో.

పిల్లలు జెండా గురించే రాసుకునేవాళ్ళు. నాకు మాత్రం ఆ మనిషికి ఊరు పెట్టిన పేర్లే ఇష్టం. పత్తి వెంకయ్య. కంబోడియా పత్తి మీద పనిచేశాడు గనక. డైమండ్ వెంకయ్య. వజ్రాల సంగతి తెలుసు గనక. ఇంకోటి...

జపాన్ వెంకయ్య.

మర్చిపోయానా ఇన్నాళ్ళూ? నెల రోజుల నుంచి జపాను జపాను అని నలుగుతున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పిన మాట నాకే తట్టలేదు.

లాహోరులో జపనీసు నేర్చుకున్నాడు. 1913లో బాపట్లలో జపనీసులో ఉపన్యాసం ఇచ్చాడు. విన్నవాళ్ళలో ఎంతమందికి అర్థమై ఉంటుంది? అర్థం కాకపోయినా కూర్చుని విన్నారు. ఇంటికి వెళ్ళి ఆయనకి ఆ పేరు పెట్టారు. వెక్కిరింతగా కాదు, మురిపెంగా. మొవ్వ పక్కన భట్లపెనుమర్రులో పుట్టినవాడికి.

పింగళి పోయి దాని స్థానంలో జపాన్ కూర్చుంది.

10 జూలై

కాలవకి నీళ్ళొచ్చాయి. మొదటి నీళ్ళు ఎర్రగా, చెత్తంతా ముందు తోసుకుంటూ. పిల్లలు గట్టు మీద పరుగులు. ఆకుమళ్ళు దున్నుతున్నారు.

పింగళి వారి గురించే ఆలోచన. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో వెంకయ్యగారు పాఠాలు చెప్పారు. అదే కళాశాలలో నాగేంద్రరావుగారు చదువుకున్నారు, అదీ ఇంజనీరింగు. ఎక్కడో రాజాంలో పుట్టి బందరు చేరి, చివరికి మద్రాసు. పాతాళభైరవి, మాయాబజార్, జగదేకవీరుని కథ. తెరమీద పింగళి అని ఒక్క మాట పడితే చాలు. ఇంక పేరు అక్కర్లేదు. అసమదీయులు, తసమదీయులు. నిఘంటువులో లేని మాటలు. మాయాబజార్ వచ్చి అరవై ఏడేళ్ళయినా ఇక్కడ అరుగుల మీద వాడుతూనే ఉన్నారు.

పెళ్ళి చేసుకోలేదు ఆయన. వారసులు లేరు. ఇంటిపేరు మాత్రం అందరికంటే ఎక్కువ మందికి గుర్తుంది.

ఇంకా వెనక్కి వెళ్తే సూరన. పదహారో శతాబ్దం. కళాపూర్ణోదయం. వెనక ఏం జరిగిందో ముందుకి పోతేగానీ తెలియని కథ. ఎమ్మే పరీక్షకి చదివేటప్పుడు, మావాడు ఒళ్ళో నిద్రపోతుంటే, ఒక కాగితం మీద గీతలు గీసుకున్నాను, ఎవరు ఎవరి కొడుకో.

14 జూలై, ఆదివారం

చిన్ని ఇవాళ చెప్పింది వింటే చేతిలో గరిటె ఆగిపోయింది.

మన దేశంలో మారుతి కార్లు తెచ్చిన ఒసాము సుజుకి, నలభై ఏళ్ళకి పైగా ఆ కంపెనీ నడిపినాయన, పుట్టుకతో సుజుకి కాదట. మత్సుదా. మిచియో సుజుకి మనవరాల్ని చేసుకుని ఆ ఇంటికి వెళ్ళాడు. వాళ్ళ ఇంటిపేరు పెట్టుకున్నాడు. అక్కడ అది మామూలేనట. మగపిల్లలు లేని ఇల్లు ఆగిపోకూడదని అల్లుణ్ణి దత్తత చేసుకుంటారు.

"అంటే ఇల్లరికమే?" అన్నాను.

"ఇల్లరికం ప్లస్ దత్తత, నాయనమ్మా."

మామూలుగా అయితే పెళ్ళయ్యాక ఇద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండాలని వాళ్ళ చట్టం. ఎవరిదైనా సరే. కానీ మార్చుకునేది నూటికి తొంభై పైన ఆడవాళ్ళే. విదేశీయుల్ని చేసుకుంటే ఆ నియమం లేదు. దాని పేరు దానికి, వాడి పేరు వాడికి.

"నువ్వేం చేస్తావు?" అన్నాను.

"నాది నాకే ఉంచుకుంటాను. నీకు బాధా?"

బాధ కాదు. ఏమిటో చెప్పలేకపోయాను. కూర అడుగంటింది.

15 జూలై

నిన్నటిది పోవడం లేదు. ఇక్కడ పెడితే పోతుందేమో.

మేమిద్దరం ఆడపిల్లలం. నాన్నకి కొడుకు లేడు. నా పెళ్ళి మాటల్లో నాన్న అడిగింది ఒకటే. ఇల్లరికం. రెండెకరాల మాగాణి, కొబ్బరితోట, ఇల్లు. కోడూరు దాటాక, సముద్రం చప్పుడు రాత్రిళ్ళు వినబడేంత దూరం. ఈయన ఒప్పుకోలేదు. "నా ఇంటిపేరు నాకు చాలు, నా ఊరు నాకు చాలు" అన్నారట. నాన్న ముఖం చిన్నబోయింది. అయినా ఇచ్చి చేశాడు. దానికి నేను ఈయన్ని చాలా ఏళ్ళు క్షమించలేదు. పైకి అనలేదు.

1977. నాగుల చవితికి రమ్మని ఉత్తరం. మావాడికి జ్వరం. తగ్గాక వస్తామని రాశాను. ఆ కార్డు అందిందో లేదో.

నవంబరు 19.

ఇక్కడ గాలే. రేకులు లేచిపోయాయి, కొబ్బరిచెట్లు పడ్డాయి. అక్కడ సముద్రమే లేచి వచ్చింది. పాలకాయతిప్ప, సొర్లగొంది, మూలపాలెం. పేపర్లో 10 వేలకు పైగా అని రాశారు. నాన్న, అమ్మ, చెల్లి. చెల్లికి పద్దెనిమిది. ఈయన ఐదో రోజుకి నడిచీ, పడవెక్కీ అక్కడికి చేరారు. ఏం చూశారో ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అమ్మ పీట ఒకటి తెచ్చారు. అది ఇప్పటికీ దేవుడి గదిలో ఉంది.

ఆయన ఒప్పుకుని ఉంటే...

మూడేళ్ళ పిల్లాడితో మేమూ అక్కడే. ఇంటిపేరు నిలబెట్టడానికి వెళ్ళి.

యాభై ఏళ్ళ తర్వాత ఈ మాట రాస్తున్నాను. వద్దన్నందుకు ఆయన మీద కోపం. వద్దన్నందుకే వీడు బతికాడు. రెండూ ఒకేచోట పెట్టుకుని కాపురం చేశాను.

21 జూలై, ఆదివారం

గురుపూర్ణిమ. పాత పిల్లలు ఫోన్లు. ఒకడు గుడివాడలో కొట్టు మూసి, బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. వాడికి తల నెరిసింది.

నేను వాళ్ళకి ఏటా చెప్పే గురుశిష్యుల కథ బందరుదే. చెళ్ళపిళ్ళ వారు. ఆయన శిష్యులు పింగళి లక్ష్మీకాంతంగారు, కాటూరి వెంకటేశ్వరరావుగారు. ఇద్దరూ కలిసి సౌందరనందం రాశారు. గురువుగారి జంట తిరుపతి వేంకట కవులు. అక్కడ పేర్లు కలిశాయి. శిష్యుల దగ్గరికి వచ్చేసరికి కలిసింది ఇంటిపేర్లు. పింగళి కాటూరి. ఒకే మనిషి పేరులా పలుకుతుంది. ఏ పద్యం ఎవరిదో ఎవరూ విడదీయలేదు.

ఒకరు విశాఖకి వెళ్ళి విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పారు. ఒకరు బందరులోనే ఉండి కృష్ణాపత్రిక చూసుకున్నారు. జంట పేరు మాత్రం విడిపోలేదు.

కాటూరి వారి సంగతి ఇంకో చిత్రం. ఆయన పుట్టిందే కాటూరులో. ఉయ్యూరు పక్కన, ఇక్కణ్ణుంచి ఎంతో దూరం లేదు. ఊరు వదిలాకే ఊరు ఇంటిపేరవుతుందని ఆ రాత్రి రాసుకున్నాను. ఈయన నా వ్యాకరణాన్ని కాదంటున్నారు. వదలకుండా ఉన్నా అవుతుంది కాబోలు. లేక ఎప్పుడో తాతలు వదిలి, మళ్ళీ తిరిగొచ్చారా?

చిన్నికి ఈ జంట కథ చెప్పాను. "రెండు ఇంటిపేర్లు పక్కపక్కన పెడితే బాగుంటుంది కదా" అంది, తనలో తను అనుకున్నట్టు.

2 ఆగస్టు, శుక్రవారం

వెంకయ్యగారి జయంతి. టీవీలో కాసేపు చూపించారు.

మావాడికి నేనే ఫోను చేశాను. నెల దాటింది సరిగ్గా మాట్లాడుకుని. మామూలు మాటలయ్యాక అడిగాను, "మన బందరు కళాశాలలో పనిచేసిన ఒకాయనకి ఇంటిపేరు జపాన్, తెలుసా?"

"తెలుసు. ఆరో క్లాసులో నువ్వే చెప్పావు" అన్నాడు.

గుర్తుంది వీడికి! నేను మర్చిపోయాను గానీ వీడు మర్చిపోలేదు.

"ఆయన్ని జపాన్ వెంకయ్య అన్నందుకు మన జెండా ఏమన్నా తక్కువైందా?" అన్నాను. గట్టిగా అనలేదు. అలా అనాలని ముందే అనుకోలేదు కూడా.

వాడు చాలాసేపు ఊరుకున్నాడు. "అది వేరమ్మా" అన్నాడు. తర్వాత, "వాళ్ళు అన్నమే తింటారా?" అన్నాడు.

తింటారు నాన్నా. పుల్లలతో తింటారు గానీ, అన్నమే.

6 ఆగస్టు

హిరోషిమా రోజు. ఆ ఆగస్టులో అక్కడ ప్రధానమంత్రి కూడా ఒక సుజుకీయే. కంతారో సుజుకి. ముసలివాడు. యుద్ధం ఆపి దిగిపోయాడు. పట్టీలో ఆ పేరు దగ్గర పిల్లాడు ఏమీ రాయలేదట. తారీఖు మాత్రం వేశాడు.

15 ఆగస్టు, గురువారం

బడికి పిలిచారు. వెళ్ళాను. జెండా ఎగిరేటప్పుడు పిల్లలు తలలు వెనక్కి వాల్చి చూస్తారు. నేను జెండాని కాదు, వాళ్ళ గొంతుల్ని చూస్తాను. పాడేటప్పుడు నరాలు కదులుతాయి.

మాట్లాడమన్నారు. 1916లో వెంకయ్యగారు జెండాల మీద పుస్తకం వేసిన సంగతి, 1921లో బెజవాడ కాంగ్రెసులో ఎరుపూ పచ్చా గుడ్డ మీద రాట్నం గీసి ఇచ్చిన సంగతి, తెలుపు గాంధీగారు చేర్చమన్న సంగతి చెప్పాను. ఆ ఏప్రిల్లోనే గాంధీగారు యంగిండియాలో రాశారు, మచిలీపట్నం జాతీయ కళాశాల పి. వెంకయ్య అని. అక్కడ పింగళి ఒక్క అక్షరమై పోయింది. మొత్తం దేశానికి ఆయన ఒక "పి".

ఒక పాప లేచి అడిగింది, "టీచర్‌గారూ, ఆయన జపాను వెళ్ళారా?"

భాష నేర్చుకున్నాడమ్మా, వెళ్ళినట్టు నేను చదవలేదు అన్నాను. "మరి వెళ్ళకుండా ఆ పేరెందుకు పెట్టారు?" అంది.

పిల్ల అడిగింది సబబే. ఇంటికొచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

16 ఆగస్టు

వరలక్ష్మీ వ్రతం. కోడలు వీడియో కాల్లో పీఠం చూపించింది. చిన్ని కూడా అక్కడ చిన్న చెంబుకి పసుపు రాసి కూర్చోబెట్టిందట. ఫొటో పెట్టింది. చెంబు వెనక ఒక మగచేయి, అగరొత్తి పట్టుకుని. ముఖం లేదు.

మావాడు ఆ ఫొటో చూశాడని కోడలు చెప్పింది. ఏమీ అనలేదట. ఫోను పక్కన పెట్టలేదట కూడా.

24 ఆగస్టు, శనివారం

మొదటిసారి పిల్లాడితో మాట్లాడాను. ముఖం చూశాను. బక్కపలచన. కళ్ళజోడు. నన్ను చూసి తలవంచాడు, చాలాసేపు ఎత్తలేదు. నేనూ వంచాను.

"నమస్కారం నాయనమ్మగారూ" అన్నాడు. రాలేదు సరిగ్గా. ర దగ్గర తడబడ్డాడు. షినిచి సుజుకి గుర్తొచ్చాడు. వినగా వినగా వస్తుంది.

తర్వాత వాడేదో అడిగాడు. చిన్ని మా ఇద్దరి మధ్యా చెప్పింది. "నాయనమ్మా, నీ పుట్టింటి ఇంటిపేరేమిటని అడుగుతున్నాడు."

ఈ ఊరికి వచ్చి యాభై రెండేళ్ళు. ఎవరూ అడగలేదు. అడగాల్సిన పనే లేదు. బళ్ళో, బ్యాంకులో, రేషను కార్డులో ఎక్కడా లేదు. మావాడికి తెలుసు, ఎప్పుడో పలికి ఉంటాడు. చిన్నికి తెలియదని నాకిప్పుడే తెలిసింది. నేను చెప్పలేదు కదా.

నోటితో చెప్పబోతే గొంతు రాలేదు. కాగితం మీద రాసి ఫోనుకి చూపించాను. మూడక్షరాలే. చెయ్యి వణికి, మొదటి అక్షరానికి తలకట్టు పక్కకి పోయింది.

చిన్ని చదివింది. పైకి చదివింది. పిల్లాడు దాని వెనక అన్నాడు. మళ్ళీ అన్నాడు. వాళ్ళ లిపిలో రాసి చూపించాడు. నాలుగు అక్షరాలైంది అక్కడ.

నాన్న పేరు ఏమిటో, ఊరు ఎక్కడో, ఆ ఇంటిపేరువాళ్ళు ఇప్పుడు ఎవరున్నారో, చిన్ని ఒకదాని వెనక ఒకటి. చెప్పాను. అన్నీ చెప్పాను. సముద్రం సంగతీ చెప్పాను. అక్కడ అర్ధరాత్రి దాటింది. ఫోను పెట్టలేదు వాళ్ళు.

27 ఆగస్టు

మావాడు ఫోను చేశాడు. చిన్ని అంతా చెప్పిందట.

"అమ్మా, తాతయ్య ఇల్లరికం అడిగిన సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?"

ఎలా చెప్తాను? నువ్వు బతికి ఉన్నదే దాని జవాబు.

అది అనలేదు. "ఏదో రోజుల్లో మాటలేరా" అన్నాను.

30 ఆగస్టు, శుక్రవారం

ఊడ్పులు అయిపోయాయి. మేడమీంచి చూస్తే ఎటు చూసినా పచ్చ తివాచీ, ఇంకా మధ్యమధ్య నీళ్ళు మెరుస్తున్నాయి. పొలం నడుమ ఇల్లు. తనాకా.

వాడూ కోడలూ ఆదివారం వస్తారట. కారులో దివిసీమకి, తాతయ్య ఊరికి వెళ్దాం అన్నాడు. ఆ ఊరు చూస్తానన్నాడు. "చూడ్డానికేం లేదురా అక్కడ" అన్నాను. "ఉన్నా లేకపోయినా" అన్నాడు. చిన్నికి ఫొటో కావాలట.

వానలంటున్నారు రెండు మూడు రోజులు. సాయంత్రం నుంచి తూర్పున మబ్బు కూడుతోంది.

అమ్మ పీట కడిగి ఆరబెట్టాను, నీడపట్టున. పులిగడ్డ దాటాక అవనిగడ్డ, తర్వాత కోడూరు. కోడూరు తర్వాత ఎటు తిరగాలో వాడికి తెలియదు. నేను ముందు సీట్లో కూర్చోవాలి.